పొలం కాగితాల్లోని చట్టపు మాటలు: చదివి అర్థం చేసుకొనే పద్ధతి

దస్తావేజు లేఖరి రాతప్రతిని గడగడా చదివేసి, "అంతా సరిగానే ఉందండి, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నప్పుడు మనలో చాలామంది తల ఊపి సంతకం పెట్టేస్తాము. అమలాపురం, భీమవరం, రామచంద్రపురం, తణుకు, ఏ ఊరి సబ్ రిజిస్ట్రారు కార్యాలయం దగ్గరైనా ఇదే వరస. ఎకరం పొలం కొనేటప్పుడు గట్ల వెంట నాలుగుసార్లు తిరిగి, బోదె ఎటు పారుతుందో, శివారు మడికి నీరు ఎప్పటికి అందుతుందో పదిమందిని అడిగి తెలుసుకొనే రైతు, ఆ పొలాన్ని తనదిగా చేసే నాలుగు పుటల కాగితాన్ని మాత్రం చదవకుండా వదిలేస్తాడు. అందులోని భాష తనది కాదని అతని భయం. ఆ భయం పోవాలంటే ఏ చట్టపు మాట ఎదురైనా మూడు సంగతులు అడగడం అలవాటు చేసుకోవాలి: దీనివల్ల హక్కు ఎవరిదవుతుంది, స్వాధీనం ఎవరి చేతిలో ఉంటుంది, గడువు ఎప్పటివరకు. ఈ మూడూ వేరువేరు సంగతులని గుర్తుంటే, మన ప్రాంతంలో నడిచే భూ తగాదాల్లో ఎక్కువ భాగం ఏ మాట దగ్గర పుట్టాయో తెలిసిపోతుంది.

ఈ మాటలు కొత్తగా తోచడానికి కారణం ఉంది. దానం, విక్రయం, విభాగం వంటివి సంస్కృతం నుంచి వచ్చాయి. దస్తావేజు, దావా, వకాల్తా, జప్తు, నకలు వంటివి నవాబుల కాలపు కచేరీల నుంచి సర్కారు జిల్లాల్లోకి దిగి, కుంపిణీ వారి కోర్టుల్లో కూడా అలాగే నిలిచిపోయాయి. డిక్రీ, ఇంజంక్షన్, అప్పీలు ఇంగ్లీషు వారివి. ప్రయాణంలో కొన్ని మాటలు అర్థం కూడా మార్చుకున్నాయి. "ముద్దాయి" అనే మాటకు అరబ్బీ మూలంలో ఫిర్యాదు చేసినవాడని అర్థం. తెలుగులోకి వచ్చేసరికి అతడే బోనులో నిలబడ్డాడు. కాబట్టి మాట విన్నంత మాత్రాన అర్థం తెలిసిందనుకోకుండా, ఆ కాగితంలో అది ఏ పని చేస్తున్నదో చూడడం మంచిది.

దస్తావేజును ఎక్కడి నుంచి చదవాలి

పై నుంచి కిందికి చదవడం మొదలుపెడితే "సదరు", "ఇందుమూలముగా", "యావత్తు" అనే మాటల మధ్య దారి తప్పుతాము. ముందు దస్తావేజు పేరు చూడండి. తరువాత హక్కు చెప్పే వాక్యం వెదకండి. ఆ తరువాత చివర ఉండే షెడ్యూలు. మిగిలినదంతా చాలావరకు అలవాటుగా రాసేదే.

హక్కు చెప్పే వాక్యం పాత దస్తావేజుల్లో ఇలా ఉంటుంది: "పుత్రపౌత్ర పారంపర్యముగా దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో అనుభవించగలవారు." దానం అంటే ఊరికే ఇవ్వడం, వినిమయం అంటే మారకం వేయడం, విక్రయం అంటే అమ్మడం. ఈ మూడూ చేసే అధికారం మీకు ఉంటే ఆస్తి పూర్తిగా మీది. దీని పక్కనే "నిధి నిక్షేప జల పాషాణ అక్షిణి ఆగామి సిద్ధ సాధ్యములు" అని అష్టభోగాలు కూడా రాస్తారు. శాసనాల కాలం నుంచి వస్తున్న ఈ పదాల వరసను నేను ఎప్పుడూ ఇష్టంగానే చదువుతాను గాని, తగాదా వచ్చినప్పుడు మిమ్మల్ని కాపాడేది మొదటి వాక్యమే. అది లేకుండా "జీవితకాలము అనుభవించి, మీ తదనంతరము మీ సంతానమునకు చెందగలదు" అని ఉంటే, మీకు దక్కింది బతికున్నంత కాలం ఫలసాయం తినే హక్కు మాత్రమే. అమ్మే హక్కు లేదు. అటువంటి ఆస్తిని తెలియక కొన్నవారు, అమ్మిన మనిషి కాలం చేసిన తరువాత ఆయన పిల్లలతో కోర్టులో తేల్చుకోవలసి వస్తుంది.

ఇక షెడ్యూలు. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపుల హద్దులు ఉంటాయి. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే ఎక్కువ విలువ ఇస్తాయి. అందువల్ల "తూర్పు: పుంత, దక్షిణం: పంట బోదె" అని రాసి ఉన్నప్పుడు ఆ పుంత (బండిదారి), ఆ బోదె ఇప్పటికీ అక్కడే ఉన్నాయో లేదో నడిచి చూడాలి. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య లంక భూముల్లో ఇది మరీ ముఖ్యం. "పడమర: గోదావరి" అని తాతగారు రాయించుకున్న హద్దు ఇప్పుడు ఎన్ని గజాలు లోపలికి వచ్చిందో వరదకే తెలియాలి. భూమి రకం చెప్పే మాట కూడా షెడ్యూలు దగ్గరే ఉంటుంది. జిరాయితీ అంటే సొంత పట్టా భూమి. డి పట్టా అంటే భూమి లేని పేదలకు ప్రభుత్వం సాగు చేసుకొమ్మని ఇచ్చిన భూమి; 1977 నాటి అసైన్డు భూముల చట్టం దాని అమ్మకాన్ని కట్టడి చేస్తుంది. దేవాదాయ భూములు, ప్రభుత్వ భూములు రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో ఉంటాయి. బయానా ఇవ్వడానికి ముందే ఆ జాబితాలో సర్వే నంబరు వెదకడం మంచిది.

కొన్నట్టు కనిపించే కాగితాలు

క్రయ దస్తావేజు రిజిస్టరు అయితేనే హక్కు మారుతుంది. సంతకాలైన నాటి నుంచి నాలుగు నెలల్లోగా దాన్ని రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలి. క్రయ ఒప్పందం, అంటే మనం "అగ్రిమెంటు" అనేది, దీనికి పూర్తిగా వేరు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం ఒప్పందం తనంతట తాను ఆస్తిలో ఏ హక్కూ పుట్టించదు. ఫలానా తేదీకి అమ్ముతానన్న మాటను అమలు చేయమని దావా వేసే అవకాశం మాత్రం ఇస్తుంది. ఆ దావాకు గడువు మూడేళ్లు. ఒప్పందంలో రాసిన తేదీ నుంచి లెక్క. తేదీ రాయకపోతే అవతలివారు ఇక అమ్మనని చెప్పిన సంగతి మనకు తెలిసిన నాటి నుంచి. "స్వాధీన అగ్రిమెంటు" రాయించుకొని, పొలం దున్నుకుంటూ, రిజిస్ట్రేషన్ ఎప్పుడైనా చేయించుకోవచ్చులే అని పదేళ్లు ఊరుకొన్నవారికి స్వాధీనం ఉంది, హక్కు లేదు, గడువూ దాటిపోయింది. ఆ స్వాధీనానికి చట్టం ఇచ్చే రక్షణ కూడా, 2001 సవరణ తరువాత రాసిన అగ్రిమెంటు అయితే, అది రిజిస్టరు అయి ఉంటేనే దక్కుతుంది. జీపీఏ, అంటే సాధారణ అధికార పత్రం, కేవలం ఒకరి తరఫున పని చేసే అధికారం. దాని ద్వారా ఆస్తి చేతులు మారదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టంగా చెప్పింది.

తనఖా మాటల్లో ఒక ఉచ్చు ఉంది. మామూలు తనఖాలో భూమి మీ దగ్గరే ఉంటుంది. భోగ్య తనఖాలో అప్పిచ్చినవారు భూమిని స్వాధీనం చేసుకొని, ఆ ఫలసాయాన్ని వడ్డీ కిందో, అసలు కిందో జమ కట్టుకొంటారు. అయినా హక్కు మీదే, బాకీ తీర్చి విడిపించుకోవచ్చు. మూడోది షరతుతో కూడిన విక్రయం. అప్పు ఇస్తూ క్రయ దస్తావేజు రాయించుకొని, "డబ్బు కట్టేస్తే తిరిగి రాసిచ్చేస్తాం లెండి" అని నోటిమాటగానో, తెల్లకాగితం మీదో చెబుతారు. చట్టం దృష్టిలో అది తనఖాగా లెక్కకు రావాలంటే, తిరిగి ఇచ్చే షరతు అదే దస్తావేజులో ఉండి తీరాలి. వేరే కాగితం మీద రాస్తే అది తనఖా కాదు, క్రయమే. అవసరంలో ఉన్నవాడు ఈ ఒక్క సంగతి తెలియక ఎకరాలు పోగొట్టుకోవడం కొత్తేమీ కాదు. దస్తావేజులను బ్యాంకులో ఉంచి అప్పు తీసుకోవడం కూడా తనఖాయే. అది ప్రతిసారీ ఈసీలో (ఋణభార ధ్రువపత్రంలో) కనిపించకపోవచ్చు గనుక, కొనేటప్పుడు అసలు దస్తావేజులను కళ్లతో చూడనిదే డబ్బు ఇవ్వకూడదు, నకలు సరిపోదు.

ఈసీ అంటే ఋణభార ధ్రువపత్రం. ఆ ఆస్తి మీద రిజిస్టరు అయిన క్రయాలు, తనఖాలు, దానాలు వరుసగా అందులో కనిపిస్తాయి. కంప్యూటరులో 1983 నుంచి దొరుకుతుంది; అంతకు ముందువి పాత పుస్తకాల్లో వెదికించాలి. అడంగల్‌లో (గ్రామంలో ఏ భూమిని ఎవరు సాగు చేస్తున్నారో చూపే రెవెన్యూ రికార్డులో) పట్టాదారు పేరు ఒక చోట, అనుభవదారు పేరు మరొక చోట ఉంటాయి. మొదటిది హక్కు వైపు, రెండవది స్వాధీనం వైపు చూపే మాటలు. అయితే రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కడమే హక్కు కాదనీ, అది శిస్తు ఎవరు కట్టాలో చెప్పేందుకేననీ కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. పాసు పుస్తకం చేతిలో ఉంది గదా అని లింకు దస్తావేజులు, అంటే పాత యజమానుల నుంచి వరుసగా వచ్చిన దస్తావేజులు, అడగకుండా కొనడం తొందరపాటు.

ఇంట్లోవాళ్ల మధ్య రాసుకొనేవి

పిత్రార్జితం, స్వార్జితం అనే రెండు మాటల మధ్య తేడా తెలియక అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ మాటలు మానేసిన ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. తండ్రి తన సంపాదనతో కొన్నది స్వార్జితం. దాన్ని ఆయన ఎవరికైనా రాయవచ్చు. వంశపారంపర్యంగా వచ్చిన ఉమ్మడి ఆస్తిలో పిల్లలకు పుట్టుకతోనే భాగం ఉంటుంది. ఆ భాగం ఆడపిల్లలకు కూడా ఉందని 1986లో మన రాష్ట్రమే ముందుగా చట్టం చేసింది, గాని అప్పటికి పెళ్లైపోయినవారికి వర్తించలేదు. 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ ఆ తేడాను తీసేసింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండవలసిన అవసరం లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. కట్నం ఇచ్చాం గదా, పసుపు కుంకుమల కింద ఇచ్చాం గదా అనే మాట ఈ హక్కును చెరిపేయదు. అక్కచెల్లెళ్లు తమ వాటా వదులుకోదలిస్తే హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయాలి. అటువంటి కాగితం మీద సంతకం పెట్టమని పుట్టింటివారు పిలిచినప్పుడు, భోజనం ముందు చేసినా, కాగితం మాత్రం తీరిగ్గా చదివి తీరాలి.

వీలునామా, దాన సెటిల్‌మెంటు ఒకటి కావు. వీలునామా రాసినవారు కాలం చేసిన తరువాతే అమలవుతుంది. బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని, ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. సెటిల్‌మెంటు రిజిస్టరైన మరుక్షణం హక్కు అవతలివారిది. కొడుకు మీద ప్రేమతో సెటిల్‌మెంటు రాసిచ్చి, తరువాత అదే ఇంట్లో పరాయివారైపోయిన పెద్దవాళ్లను చూస్తూనే ఉన్నాము. 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్, పోషణ చూడకపోతే అటువంటి బదిలీని రద్దు చేయించుకొనే దారి చూపుతుంది. దరఖాస్తు ఆర్డీవో ముందున్న ట్రిబ్యునల్‌లో పెట్టుకోవాలి. ఆ దారి గట్టిగా ఉండాలంటే "మమ్మల్ని పోషించవలెను" అనే షరతు దస్తావేజులో రాయించుకోవాలి. దానితో పాటు జీవితకాలపు అనుభవ హక్కు తమకు నిలుపుకొంటే ఇంకా మేలు. రాయించమని అడగడానికి మొహమాటపడితే మాత్రం తరువాత ట్రిబ్యునల్ గుమ్మం ఎక్కవలసి రావచ్చు.

కౌలు, స్వాధీనం, పన్నెండేళ్ల భయం

డెల్టాలో అన్ని మాటల కన్నా ఎక్కువ అపోహ పేరుకొన్నది ఇక్కడే. కౌలుకు ఇచ్చిన భూమిని కౌలుదారు పన్నెండేళ్లు చేస్తే అది అతనిదైపోతుందని భూమి ఉన్నవారు నమ్ముతారు. అందుకే మక్తా ఎన్ని బస్తాలో నోటితో తేల్చుకొంటారు గాని కాగితం రాయరు. చట్టంలో ఉన్న మాట "ప్రతికూల స్వాధీనం". యజమానికి తెలిసేలా, బహిరంగంగా, నీకు ఈ భూమిలో హక్కు లేదన్న ధోరణిలో ఎవరైనా పన్నెండేళ్లు ఎడతెగకుండా భూమిని పట్టుకొని ఉంటే, యజమాని దావా వేసే గడువు పోయి, హక్కు కూడా పోతుంది. ప్రభుత్వ భూమికైతే ముప్ఫై ఏళ్లు. కౌలుదారు యజమాని అనుమతితో వచ్చినవాడు, ఏటా బస్తాలు కొలిచి ఇస్తున్నవాడు. అనుమతి ఉన్న స్వాధీనం ఎన్నేళ్లయినా దానంతట అది ప్రతికూలం కాదు. ఈ లెక్కన కౌలు ఒప్పందం రాసుకోవడం యజమానికి ముప్పు కాదు, రక్షణ. కౌలుదారు తన అనుమతితోనే ఉన్నాడనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

అయితే యజమానుల జంకు పూర్తిగా ఊహ కూడా కాదు. ఆంధ్ర ప్రాంతానికి 1956లో చేసిన కౌలుదారీ చట్టం కౌలుదారుకు చాలా రక్షణలు ఇచ్చింది. వాటిని తప్పించుకోవడానికే రాత మానేశారు. ఆ మానేసిన రాత వల్ల నష్టపోయేది దున్నేవాడు: పంట రుణం, పంట బీమా, ముంపు పరిహారం అడిగేచోట అతని పేరు ఎక్కడా ఉండదు. అందుకోసమే 2011లో ఒక చట్టం, దాని స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. రెండో చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు పత్రం పదకొండు నెలలకే చెల్లుతుంది, యజమాని హక్కును తాకదు. పత్రం పేరులో "హక్కు" అనే మాట ఉన్నా అది పంట మీద హక్కు, భూమి మీద కాదు. ఆ ఒక్క మాట చూసే చాలామంది సంతకానికి వెనకాడుతున్నారని నా అనుమానం.

దారి హక్కు, నీటి హక్కు గురించి కొంచెం. పక్కవారి చేలో నుంచి మీ మడికి నీరు పారే బోదెను ఇరవై ఏళ్లు బహిరంగంగా, ఆటంకం లేకుండా, హక్కుగా వాడుకొంటే అది ఈజ్‌మెంటు హక్కు అవుతుంది. బతిమాలి వాడుకొన్న దారికి ఇది రాదు. పుంత ప్రభుత్వానిది, దానిలో కొబ్బరి మొక్కలు నాటినంత మాత్రాన అది తోటలో కలవదు.

నోటు, చెల్లు

ప్రామిసరీ నోటుకు కాలదోషం మూడేళ్లకు పడుతుంది. నోటు పోయినట్టు కాదు, దాని మీద దావా వేసే దారి మూసుకుపోయినట్టు. మూడేళ్లు నిండకముందే అప్పు తీసుకొన్నవారు కొంత సొమ్ము కట్టి, నోటు వెనుక తమ చేతితో రాసిగాని, సంతకం పెట్టిగాని చెల్లు వేస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. అందుకే చెల్లు మీద తేదీ, మొత్తం, సంతకం మూడూ ఉండాలి; అప్పిచ్చినవారు తమంతట తాము రాసుకొన్న చెల్లు పనికిరాదు. గడువు దాటిన బాకీకి కొత్త నోటు రాసిస్తే మాత్రం ఆ నోటు చెల్లుతుంది. కాబట్టి అప్పిచ్చినవారు "పాత నోటు తిరగరాద్దాం" అంటే, బాకీదారు ఒప్పుకొనే ముందు పాత నోటు తేదీ చూసుకోవాలి. "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం. నోటులో ఏది రాశారో అదే లెక్క.

కోర్టు నుంచి కాగితం వచ్చినప్పుడు

దావా వేసినవారు వాది, ఎవరి మీద వేశారో వారు ప్రతివాది. కోర్టు పంపే పిలుపు సమను. తీసుకోకపోతే కేసు ఆగిపోతుందనే నమ్మకంతో, కోర్టు మనిషి వీధిలో కనబడగానే పెరటిదారిన వెళ్లిపోయేవారిని చూశాను. తిరస్కరిస్తే తలుపుకు అంటించి అందజేసినట్టుగానే లెక్కిస్తారు. తరువాత జరిగేది ఏకపక్ష విచారణ, మనం "ఎక్స్‌పార్టీ" అనేది. ఏకపక్ష డిక్రీ వస్తే దాన్ని తీసివేయమని అడగడానికి 30 రోజులే గడువు. సమను అందాక వకాల్తా ఇచ్చి, అంటే మీ తరఫున మాట్లాడే అధికారాన్ని న్యాయవాదికి రాసిచ్చి, 30 రోజుల్లోగా జవాబు దావా వేయాలి. కోర్టు కారణం చూసి 90 రోజుల వరకు పొడిగించవచ్చు. మీ మీద ఎవరైనా హడావిడిగా ఉత్తర్వు తెచ్చుకొంటారని అనుమానం ఉంటే ముందే కేవియట్ వేసుకోవచ్చు. మాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని కోర్టుకు చేసే మనవి అది. 90 రోజులు పని చేస్తుంది.

స్టే, ఇంజంక్షన్ అనే రెండింటినీ ఒకటిగా వాడుతుంటాము. స్టే ఒక ఉత్తర్వునో, విచారణనో ఆపుతుంది. ఇంజంక్షన్, అంటే నిషేధాజ్ఞ, మనిషిని ఆపుతుంది: ఫలానా చేలోకి దిగవద్దు, గట్టు తెంచవద్దు, చెరువు తవ్వవద్దు. తాత్కాలిక నిషేధాజ్ఞ వచ్చినంత మాత్రాన హక్కు తేలినట్టు కాదు. అది ఎక్కువగా నేటి స్వాధీనాన్ని చూసి ఇచ్చేది. ధిక్కరిస్తే మాత్రం ఆస్తి జప్తు, మూడు నెలల వరకు సివిల్ జైలు ఉండవచ్చు. దావా నడుస్తుండగా ఆ భూమిని కొన్నవారు, చివరి తీర్పు తమకు వ్యతిరేకంగా వచ్చినా కట్టుబడి ఉండాలి.

తీర్పులో కారణాలు ఉంటాయి. డిక్రీలో ఎవరు ఎవరికి ఏమి చేయాలో ఉంటుంది. అప్పీలు జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. డిక్రీ వచ్చినా భూమి దానంతట అది చేతికి రాదు; ఈపీ, అంటే అమలు దరఖాస్తు, వేయాలి. దానికి పన్నెండేళ్ల గడువు ఉంది. ఓడినవాడు కోర్టులోనే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెత ఈపీల అనుభవం నుంచే పుట్టి ఉండాలి.

గట్టు తగాదా కొట్లాటదాకా వెళితే మాటలు మారతాయి. ఎఫ్ఐఆర్ అంటే నేరం గురించి పోలీసులకు అందిన మొదటి సమాచారం నమోదు. అందులో పేరు ఉన్నవారు నిందితులు, దోషులు కారు. ఫిర్యాదు ఇచ్చినవారికి దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చాయి గనుక పాత సెక్షన్ల నంబర్లు ఇప్పుడు సరిపోవు.

రాజీకి ఇష్టపడేవారికి లోక్ అదాలత్ ఉంది. అక్కడ వచ్చే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. ఆడవారికి, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవా సంస్థలు ఉచితంగా న్యాయవాదిని ఇస్తాయి. 15100కు ఫోన్ చేసి అడగవచ్చు. అయితే లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు. సర్వే నంబరు, నాలుగు హద్దులు, ఎవరు ఏ తేదీకి స్వాధీనం ఇవ్వాలి అన్న సంగతులు అందులో స్పష్టంగా ఉన్నాయో లేదో, ఇరుపక్షాల సంతకాలు పడకముందే, తెలిసినవారి చేత చదివించుకొని చూసుకోవాలి.